ఇరుకైన ధమని, మొరపెట్టు మూత్రపిండము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



రక్తపు పోటు అను మాట వినని ఇల్లు నేడు పల్లెలయందును లేదు. కోపము వచ్చిన మనిషిని చూచి ‘బీపీ పెరిగినది’ అని పరిహాసమాడుట పిల్లలకును అలవాటైనది. ఆ పోటు ఎచటినుండి పుట్టునని అడిగినచో కొందరు తలనుండి యందురు, కొందరు గుండెనుండి యందురు, మరికొందరు ఆవకాయ జాడీ వంక చూపుదురు. ఈ మాటలలో కొంత నిజము లేకపోలేదు. నూటికి తొంబదిమంది విషయమున ఈ పోటునకు ఇది యొక్కటే కారణమని వ్రేలుపెట్టి చూపుట వైద్యులకును సాధ్యము కాదు. వంశము, వయస్సు, ఉప్పు, స్థూలకాయము మొదలైనవన్నియు కలిసి దానిని తెచ్చును. కాని మిగిలిన కొద్దిమందిలో కొందరికి ఆ పోటు పుట్టిన చోటు స్పష్టముగా కలదు. నడుమునకు పైగా, వీపువైపున దాగియున్న మూత్రపిండములకు రక్తము తెచ్చు ధమనియే ఆ చోటు. ఆ ధమని ఇరుకైనపుడు ఏమగునో, ఆ సంగతిని మానవుడు ఎట్లు తెలిసికొనెనో, తెలిసికొనిన పిదప సయితము ఎట్టి పొరపాట్లు చేసెనో చెప్పుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

మూత్రపిండ మనగానే అందరికి రాయి గుర్తునకు వచ్చును, లేదా మూత్రము గుర్తునకు వచ్చును. అది కేవలము మురికినీటి తూము కాదు. ఒక్కొక్కటి పిడికెడంత యుండును. బరువు సుమారు 150 గ్రాములు. దేహపు బరువులో రెండును కలిసి సుమారు రెండువందలవ వంతు. అయినను గుండె నిమిషమునకు వెడలగొట్టు ఐదు లీటర్ల రక్తములో ఒక లీటరుకు పైగా ఈ రెంటికే పోవును. ఇంత చిన్న అవయవములకు ఇంత రక్తము పంచి యిచ్చుట చూచినవారికి మొదట ఆశ్చర్యముగనే తోచును. గుండెనుండి కడుపులోనికి దిగివచ్చు మహాధమనికి కుడియెడమల చీలిన రెండు కొమ్మలు ఈ రక్తమును మోయుచున్నవి. ఒక్కొక్క కొమ్మ వెడల్పు 5 లేక 6 మిల్లీమీటర్లు, అనగా వ్రాసికొను పెన్సిలుకంటె సన్నము. ప్రతి మూత్రపిండములోను సుమారు పదిలక్షల సూక్ష్మమైన జల్లెడ లున్నవి. రాత్రింబవళ్లు కలిసి అవి 180 లీటర్ల నీటిని వడగట్టును. అందులో లీటరున్నర మాత్రము మూత్రముగా వెలికి పోవును. తక్కినదంతయు శుద్ధమై తిరిగి రక్తములో చేరును.

వడగట్టుటకు ఒత్తిడి కావలెను. ఒత్తిడి తగ్గినచో జల్లెడ పనిచేయదు. అందుచేత తనయొద్దకు వచ్చు రక్తము ఎంత వేగముతో, ఎంత ఒత్తిడితో వచ్చుచున్నదో మూత్రపిండము ఎల్లవేళల కనిపెట్టియుండును.

చెరువు క్రింద సేద్యము చేయువారికి దీనిని బోధపరచుట సులభము. ఆయకట్టు చివర ఒక రైతు కలడనుకొనుడు. అతని మడికి నీరు తెచ్చు బోదె పూడిక పడినది. చెరువు నిండుగనే యున్నది. పై పొలములకు నీరు సమృద్ధిగనే పారుచున్నది. కాని తన గట్టుమీద నిలిచి చూచినపుడు అతనికి కనబడునది నెఱ్ఱెలు విచ్చిన నేల మాత్రమే. చెరువే తగ్గినదని తలచి, తూము ఇంకను ఎత్తుమని నీరుగంటికి కబురుమీద కబురు పంపును. నీరుగంటి ఆ మాట నమ్మి తూము ఎత్తును. పై పొలములు మునుగును, గట్లు తెగును. చివరి మడికి చేరునది మాత్రము కొంచెమే. ఆ రైతు అబద్ధమాడలేదు. తన పొలములో తాను చూచిన నిజమునే చెప్పినాడు. దోషము బోదెలో నున్నది, చెరువులో లేదు.

ధమని ఇరుకైన మూత్రపిండము అచ్చముగ ఈ రైతువలెనే నడచుకొనును. తనకు రక్తము తక్కువగా వచ్చుచున్నది గనుక దేహమంతటను రక్తము తగ్గినదని అది భ్రమించును. అది పంపు కబురు ఒక రసాయన పదార్థము. దాని పేరు రెనిన్. కాలేయము తయారుచేసి రక్తములో విడిచిన ఒక మాంసకృత్తును ఈ రెనిన్ ఛేదించును. అందుండి పుట్టిన ముక్క ప్రధానముగా ఊపిరితిత్తులలో మరియొక మార్పు చెంది యాంజియోటెన్సిన్ అను పదార్థమగును. ఇది రక్తనాళములను బిగించును. మూత్రపిండములపై టోపీవలె కూర్చుండియున్న అడ్రినల్ గ్రంథులను ప్రేరేపించి, ఉప్పును, నీటిని దేహములో నిలుపుదల చేయించును. నాళములు బిగిసి, నీరు హెచ్చినపుడు పోటు పెరుగక ఏమగును? గాయము తగిలి రక్తము కారిపోవునపుడు, ఎండలో దేహము ఎండిపోవునపుడు ప్రాణము నిలుపు ఏర్పాటిది. బోదె పూడినవానికి మాత్రము ఇదే చేటు తెచ్చును.

ధమని కొంచెము ఇరుకైనంతమాత్రమున ఇదంతయు జరుగదు. లోపలి దారి దాదాపు మూడింట రెండువంతులు మూసికొనిపోవువరకు మూత్రపిండమునకు పెద్దలోటు తెలియదు. అందుచేత స్కానింగులో ధమని కొంత ఇరుకుగా కనబడినంతనే ఆ మనిషి పోటునకు అదియే కారణమని నిశ్చయింపరాదు. ఈ మాటను జ్ఞాపకముంచుకొనవలెను. దీనిని మరచుటవలన కలిగిన నష్టములు ముందు రానున్నవి.

ఈ జ్ఞానము ఒక్క దినమున వచ్చినది కాదు. లండనులోని గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్ 1836లోనే, మూత్రపిండములు చెడి మరణించినవారి గుండె పెరిగి, దళసరియై యుండుటను గుర్తించెను. రక్తపు పోటును కొలుచు సాధనము అప్పటికి లేదు. చేతికి పట్టీ కట్టి కొలుచు పద్ధతిని ఇటలీ దేశీయుడు రివా-రొచ్చి 1896లో గాని తెలుపలేదు. 1898లో స్వీడను రాజధాని స్టాక్‌హోములో రాబర్ట్ టీగర్‌స్టెట్ అను ఆచార్యుడును, బెర్గ్‌మన్ అను అతని శిష్యుడును కుందేళ్ల మూత్రపిండములను నూరి, ఆ రసమును ఇతర కుందేళ్ల రక్తములోనికి ఎక్కించి చూచిరి. వాని రక్తపు పోటు పెరిగెను. ఆ రసములోని పదార్థమునకు రెనిన్ అని పేరిడినవారు వారే. ఇంత గొప్ప సంగతి బయటపడినను లోకము దానిని పట్టించుకొనలేదు. సుమారు నలువది సంవత్సరములు ఆ వ్యాసము గ్రంథాలయముల బీరువాలలో నిద్రించెను. పుస్తకము అచ్చయినంత మాత్రమున చదువరి దొరకడని గ్రంథాలయము నడుపువారికి ఒకరు చెప్పవలెనా!

దానికి మరల ప్రాణము పోసినవాడు అమెరికాలోని క్లీవ్‌లండు నగరమున నుండిన హారీ గోల్డ్‌బ్లాట్. మరణించినవారి దేహములను పరీక్షించి రోగకారణములను వెదకుట అతని వృత్తి. రక్తపు పోటుతో మరణించిన కొందరిలో తక్కిన నాళములు బాగుగనే యుండి, మూత్రపిండముల నాళములు మాత్రము ఇరుకై యుండుట అతడు చూచెను. పోటు వలన నాళములు చెడునని ఆనాటి పండితుల అభిప్రాయము. నాళములు చెడుటవలననే పోటు వచ్చుచున్నదేమో అని అతనికి అనుమానము కలిగెను. అనుమానము తీర్చుకొనుటకు వెండితో ఒక చిన్న బిగింపు పనిముట్టును చేయించెను. కుక్కల మూత్రపిండ ధమనికి దానిని తగిలించి, మరను కొంచెము కొంచెముగా బిగించి, ధమనిని పూర్తిగా మూయక ఇరుకు మాత్రము చేసెను. ఒక ధమనిని బిగించినపుడు పోటు పెరిగి కొన్నాళ్లకు తగ్గెను. రెండింటిని బిగించినపుడు పెరిగిన పోటు తగ్గక నిలిచెను. మూత్రపిండమునకు పోవు నరములను కోసివేసినను పోటు పెరుగుట మానలేదు. కావున ఈ కబురు నరముల తంతిమీద పోవునది కాదు, రక్తములో కలిసి పోవునదని తేలెను. 1934లో ప్రకటింపబడిన ఈ పరిశోధన వైద్యచరిత్రలో ఒక మైలురాయి. ఆ మూగజీవుల ఋణము మానవుడు తీర్చుకొనగలిగినది కాదు.

పిమ్మట కొలది సంవత్సరములకే, 1939, 40 ప్రాంతమున అర్జెంటీనాలోని బ్యూనస్ ఐరిస్‌లో బ్రౌన్-మెనెండెస్ బృందమును, అమెరికాలోని ఇండియానాపొలిసులో ఇర్విన్ పేజి బృందమును, ఒకరి సంగతి ఒకరెరుగక ఒకే పదార్థమును కనుగొనిరి. వీరు దానిని హైపర్‌టెన్సిన్ అనిరి, వారు యాంజియోటోనిన్ అనిరి. పేరు కొరకు దాదాపు ఇరువదియేండ్లు భేదము నడచిన పిదప, 1958లో ఇరువురును రాజీపడి, వీరి మాటలో సగము, వారి మాటలో సగము కలిపి యాంజియోటెన్సిన్ అని నామకరణము చేసిరి. పొలముగట్టు తగవు లన్నియు ఇట్లు తీరినచో ఎంత బాగుండును!

ఇక పొరపాట్ల కథ. 1938లో లెడ్‌బెటర్, బర్క్‌లండ్ అను అమెరికా వైద్యులు రక్తపు పోటుతో బాధపడుచున్న ఐదేండ్ల బాలునికి, ధమని మూసికొనిపోయిన ఒక మూత్రపిండమును తీసివేసిరి. పోటు దిగిపోయినది. ఈ వార్త వినగానే ఎందరో శస్త్రవైద్యులకు దారి దొరికినట్లు తోచెను. పోటు ఉన్నది, ఒక మూత్రపిండము చిన్నదిగా ఉన్నది, ఇక తీసివేయుడు! ఇట్లు కొన్ని వందల మూత్రపిండములు పోయినవి. 1956లో న్యూయార్కు శాస్త్రజ్ఞుడు హోమర్ స్మిత్ ఈ లెక్కలన్నియు సమకూర్చి చూడగా, బాగుపడినవారు నాలుగవ వంతు మాత్రమే. తక్కినవారికి ఒక మూత్రపిండమును పోయినది, పోటును నిలిచినది. వారిలో చాలమందికి ధమని ఇరుకై యుండుట, పోటు ఉండుట రెండును నిజమే. ఒకటి రెండవదానికి కారణమగుట మాత్రము నిజము కాదు.

తీసివేయుటకు బదులు ధమనినే బాగుచేయరాదా అను ఆలోచన అప్పటికే మొదలైనది. 1954లో అమెరికా వైద్యుడు నార్మన్ ఫ్రీమన్ ధమనిని తెరచి, లోపల పేరుకొనిన దానిని తొలగించి, పోటును తగ్గించెను. 1978లో జూరిక్ నగరమున ఆండ్రియాస్ గ్రూంట్సిగ్, కడుపు కోయకుండ, తొడ దగ్గరి నాళముగుండ సన్నని గొట్టమును పంపి, దాని కొననున్న చిన్న బెలూనును ఇరుకైన చోట ఉబ్బించి దారి వెడల్పు చేసెను. తెరచిన దారి మరల మూసికొనిపోకుండ లోహపు వలగొట్టమును అమర్చుట తరువాత వచ్చెను. స్టెంటు అనునది అదియే.

ఈ చికిత్స ఎవరికి మేలు, ఎవరికి కాదు? ఇందులకు జవాబు ధమని ఎందుచేత ఇరుకైనదో దానినిబట్టి యుండును.

పెద్దవయస్సు వారిలో సామాన్యముగా కారణము కొవ్వు. ఏండ్లతరబడి చుట్ట, బీడీ, సిగరెట్టు కాల్చినవారికి, మధుమేహము గలవారికి గుండె నాళములలోను, కాళ్ల నాళములలోను పేరుకొను కొవ్వే మూత్రపిండ ధమని మొదటను పేరుకొనును. యౌవనమున నున్నవారిలో, ముఖ్యముగా స్త్రీలలో, వేరొక జబ్బు కలదు. కొవ్వుతో నిమిత్తము లేకుండ ధమని గోడయే అక్కడక్కడ దళసరియై, నడుమ నడుమ ఉబ్బి, చిత్రములో పూసల దండవలె కనబడును. ఇట్టివారికి బెలూను చికిత్స తరచుగా చక్కని ఫలమిచ్చును. కొందరికి మాత్రలే అక్కరలేకపోవును.

మూడవది మన దేశమున ప్రత్యేకముగా ఎరిగియుండవలసినది. 1908లో జపానులోని కనజావాలో మికితో తకయాసు అను నేత్రవైద్యుడు ఒక యువతి కంటిలోపలి నాళములు వింతగా అల్లుకొనియుండుట చూచి సభలో వివరించెను. అట్టి రోగులనే చూచిన మరి యిద్దరు వైద్యులు, వారి మణికట్టున నాడి అందుటలేదని చెప్పిరి. మహాధమనికి, దాని కొమ్మలకు వాపు పుట్టి, గోడలు దళసరియై దారి మూసికొనిపోవు జబ్బు ఇది. భారతదేశమున చిన్నవయస్సు వారిలో మూత్రపిండ ధమని ఇరుకగుటకు ఇది ముఖ్యకారణములలో ఒకటి. ఇందు మొదట మందులతో వాపును చల్లార్చవలెను. బెలూను మాట పిదప. ఈ జబ్బులో ఒక మోసము కలదు. చేతికి పోవు ధమనియే ఇరుకైనచో, ఆ చేతికి పట్టీ కట్టి కొలిచినపుడు పోటు తక్కువగా కనబడును; దేహములో పోటు మండిపోవుచుండగా పరికరము బాగున్నదని చెప్పును. కావున చిన్నవయస్సు వారికి మొదటిసారి కొలుచునపుడు రెండు చేతులకును కొలిపించుకొనవలెను. రెండింటికి నడుమ పెద్ద భేదమున్నను, ఒక చేతి నాడి బలహీనముగానున్నను డాక్టరుతో తప్పక చెప్పవలెను.

శ్రీకాకుళము జిల్లా ఉద్దానము ప్రాంతమున ప్రబలియున్న మూత్రపిండవ్యాధితో దీనిని కలుపరాదు. దాని మూలము ఇంకను నిశ్చయముగా తేలలేదు. అది ధమనుల ఇరుకుదనమువలన వచ్చినది కాదు.

కొవ్వువలన ఇరుకైనవారి సంగతికి మరల వచ్చెదము. దారి మూసికొనినది, తెరచినచో సరిపోవును అని తలచుట సహజము. ఇరువదవ శతాబ్దము చివర వేలమందికి అట్లే స్టెంట్లు అమర్చిరి. కాని 2009లో 806 మందిపై జరిపిన పరీక్ష ఫలితమును, 2014లో 947 మందిపై జరిపిన పరీక్ష ఫలితమును వెలువడినవి. ఒకటి ప్రధానముగా బ్రిటనులో జరిగినది, రెండవది అమెరికాలో. మంచి మందులు మాత్రమే వాడినవారికంటె, మందులతోపాటు స్టెంటు కూడ వేయించుకొనినవారు ఎక్కువకాలము బ్రదుకలేదు, వారి మూత్రపిండములు ఎక్కువకాలము నిలువలేదు, గుండెపోట్లు తగ్గలేదు. 1956నాటి పాఠమే మరల చెప్పవలసివచ్చెను. చాలకాలము నీరందక బీటలువారిన మడికి, బోదె తవ్వించినంతనే పైరు తిరిగి రాదు.

అట్లని స్టెంటు ఎవరికిని పనికిరాదనుట తప్పు. నాలుగైదు మందులకు లొంగని పోటు, మాటిమాటికి ఉన్నట్లుండి ఊపిరితిత్తులలో నీరుచేరి ఊపిరాడకపోవుట, రెండు ధమనులును ఇరుకై మూత్రపిండముల శక్తి త్వరత్వరగా పడిపోవుట, ఇట్టి సందర్భములలో అనుభవజ్ఞులైన వైద్యులు నేటికిని దానిని ఆలోచింతురు. కాని స్కానింగు కాగితములో ఒక్క వాక్యము చూచి, అరయెకరము అమ్మి పట్నమునకు పరుగెత్తుటకు ముందు, ‘అయ్యా, ఈ ఇరుకు దేనివలన వచ్చినది? మందులతో చూచుటకు వీలులేదా? తెరచినచో ఏమి మేలు కలుగునని తమ అభిప్రాయము?’ అని అడుగుట రోగి బంధువుల హక్కు. మంచి వైద్యుడు ఆ ప్రశ్నలకు కోపగింపడు.

మందుల విషయమునను ఒక వింత కలదు. బ్రెజిలు దేశమున జరరాక అను విషసర్పము కలదు. దాని విషములో నున్న ఒక గుణమును సెర్జియో ఫెరైరా 1965లో వెల్లడించెను. ఆ జాడను పట్టుకొని అమెరికాలో కుష్మన్, ఒండెట్టి అను శాస్త్రజ్ఞులు 1977 నాటికి కాప్టోప్రిల్ అను మందును తయారుచేసిరి. యాంజియోటెన్సిన్ పుట్టకుండ అడ్డుకొనుట దాని పని. నేడు ‘ప్రిల్’ అని ముగియు మందులు ఆ కుటుంబమునకు చెందినవి; ‘సార్టన్’ అని ముగియునవి వాని దాయాదులు. రైతు పంపిన కబురు నీరుగంటికి చేరకుండ దారిలోనే ఆపునవి గనుక, ఈ జబ్బునకు ఇవి సరియైన మందులే. లక్షలమందికి ప్రాణదానము చేసినవి.

అయితే రెండు ధమనులును ఇరుకైనవారికి, లేదా ఉన్న ఒక్క మూత్రపిండపు ధమని ఇరుకైనవారికి ఇవి కీడు చేయవచ్చును. కారణమిది: నీరు తక్కువగా వచ్చునపుడు రైతు తన మడి దిగువన చిన్న అడ్డుకట్ట వేసి, ఉన్న నీటినే మడిలో నిలుపుకొనును. మూత్రపిండమును యాంజియోటెన్సిన్ సాయముతో జల్లెడకు దిగువనున్న నాళమును బిగించి, జల్లెడలో ఒత్తిడి నిలుపుకొనును. మందు ఆ అడ్డుకట్టను తెంచును. జల్లెడ ఎండిపోవును. అందుచేత ఈ మందు మొదలుపెట్టిన తరువాత ఒకటి రెండు వారములలో రక్తములో క్రియాటినిన్, పొటాషియము పరీక్ష చేయించుమని వైద్యులు చెప్పుదురు. ‘మందు సరిపడినది గదా, పరీక్ష యెందుకు, బస్సుఖర్చు దండుగ’ అని మానుకొనువారే ఎక్కువ. ఆ పరీక్ష మందు గుణమును చూచుటకు మాత్రమే కాదు. దాగియున్న ధమని జబ్బు బయటపడు ద్వారము కూడ అదియే. క్రియాటినిన్ కొంచెము పెరుగుట సాధారణము. బాగుగా పెరిగినచో వైద్యుడు మందు మార్చి, ధమనులను పరీక్షించును. ఎవరో చెప్పినారని మందును తమంతట తాము మానుటయు ప్రమాదమే. వాంతులు, విరేచనములు పట్టి నీరసించినపుడు మాత్రము ఈ మందు వాడుచున్న సంగతి వెంటనే డాక్టరుకు తెలుపవలెను. నాట్లు వేసి వచ్చి ఒళ్లునొప్పులకు దుకాణమున కొని మ్రింగు మాత్రలు ఈ మందులతో కలిసినపుడు మూత్రపిండములను మరింత దెబ్బతీయును.

ఈ జబ్బు అనుమానించుటకు తగిన గుర్తులు కొన్ని కలవు. ముప్పది యేండ్లు దాటకముందే, వంశమున లేకుండ వచ్చిన గట్టి పోటు. ఏండ్లతరబడి అదుపులోనుండి అకస్మాత్తుగా అదుపు తప్పిన పోటు. రెండు మూత్రపిండముల పరిమాణములో పెద్ద భేదము. బొడ్డునకు పైభాగమున స్టెతస్కోపు ఆనించి విన్నపుడు కొందరిలో ఇరుకు దారిన రక్తము దూసుకొనిపోవు బుసవంటి ధ్వని వినబడును. తరువాత స్కానింగు పరీక్షలు ఎన్నియో కలవు. కాని మొదటి అనుమానము పుట్టించు సాధనములు చేతిపట్టీయు, చెవి గొట్టమును. ఇవి ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో నున్నవే. కొలిపించుకొనుటకు ముందు అరగంటవరకు కాఫీ, టీ, పొగాకు ముట్టరాదు. నడచివచ్చిన వెంటనే గాక, ఐదు నిమిషములు వీపు ఆనించి కూర్చుండి, చేయి గుండె ఎత్తున బల్లపై నుంచి, మాటలాడకుండ కొలిపించుకొనవలెను. వచ్చిన అంకెను, తేదీని, ఏ చేతికి కొలిచిరో ఆ వివరమును ఒక చిన్న పుస్తకములో వ్రాసి, మరుసటి దఫా వైద్యుని చేతికి ఈయవలెను.